గండికోట వాకిళ్లు: ఛాయాచిత్రముల సాక్ష్యము

మన జిల్లా పేరే ఒక ద్వారమును తలపునకు తెచ్చుచున్నది. కడప యనగా గడప. తిరుమల యాత్రకు పోవువారు మొదట దేవుని కడపలో వేంకటేశ్వరుని సేవించి, పిమ్మట కొండకు పోవుట పూర్వాచారము. ఏడుకొండలవాని యింటికి గడప యగుటచేత ఈ యూరికి కడప యను పేరు కలిగెనని పెద్దలు చెప్పుదురు. గడపను మనము తొక్కము, దాటుదుము. పండుగనాడు పసుపు పూసి, బొట్టు పెట్టి, పైన మామిడి తోరణము కట్టుదుము. క్రొత్తకోడలు మొదట కుడికాలు మోపి దాటునది గడప. ఇంటి పెద్ద కడసారి దాటిపోవునదియు ఆ గడపయే. సొంత యింటి వాకిలికి ఇంత మర్యాద చేయు మనము, మన పూర్వులు కట్టిన కోటవాకిళ్లకును, గుడివాకిళ్లకును, మసీదు కమానులకును ఏపాటి మర్యాద చేయుచున్నామో యోచింపవలసియున్నది.

మైదుకూరు నాలుగు దారుల కూడలి. ఉత్తరమున కర్నూలు, దక్షిణమున కడప, తూర్పున బద్వేలు, పడమట ప్రొద్దుటూరు. ఆ పడమటి దారిని ప్రొద్దుటూరు దాటి, జమ్మలమడుగు చేరి, అచ్చటనుండి సుమారు 15 కిలోమీటరులు పోయినచో గండికోట. అక్కడ పెన్నానది ఎఱ్ఱమల కొండలను నిలువునా కోసికొని పారుచున్నది. ఆ గండి వలననే కోటకు ఆ పేరు. నేడు దేశము నలుమూలలనుండి జనులు వచ్చి, ఆ లోయ యంచున నిలిచి ఛాయాచిత్రములు తీసికొని పోవుచున్నారు. లోయ చూడదగినదే, సందేహము లేదు. కాని లోయను ప్రకృతి చేసినది. వాకిళ్లను మన పూర్వులు చేసిరి.

నేనొకనాడు ఉదయము కోట పెద్దవాకిలి ముందు నిలిచి, తలుపుల బొమ్మ తీయుచుండగా, మేకలు తోలుకొని పోవుచున్న ఒక వృద్ధుడు ఆగి, "ఏం సామీ, అందరూ లోయ బొమ్మ తీసుకుంటాండారు, నువ్వేంది ఈ వాకిలి కాడ నిలబడినావు? ఇది యాడికి పోతాది?" అని యడిగెను. మంచి ప్రశ్న. నాకప్పుడు జవాబు తోచలేదు. ఈ ప్రసంగము ఆ ప్రశ్నకు జవాబుగా భావింపుడు.

ముందుగా కోట చరిత్ర కొంత తెలిసికొనవలెను. 1123లో కాకరాజు అను నాతడు ఇచ్చట మొదట మట్టికోట కట్టించెనని స్థానిక కైఫీయతు చెప్పుచున్నది. విజయనగర ప్రభువుల కాలమున పెమ్మసాని నాయకులు దీనిని ఏలి, దృఢమైన రాతికోటగా ప్రసిద్ధికి తెచ్చిరి. తాడిపత్రిలోని బుగ్గ రామలింగేశ్వరాలయము, చింతల వేంకటరమణాలయము ఈ వంశపువారి కట్టడములే. 17వ శతాబ్ది నడుమ గోలకొండ సేనాని మీర్ జుమ్లా ఈ కోటను పట్టుకొనెను. 1652లో టావెర్నియే యను ఫ్రెంచి రత్నవర్తకుడు తన సరకు చూపుటకై మీర్ జుమ్లాను వెదకికొనుచు ఇచ్చటికే వచ్చి, కోటయొక్క బలమును తన యాత్రాగ్రంథమున వర్ణించెను. అటుపిమ్మట కోట మొగలాయీలకు, కడప నవాబులకు, మైసూరువారికి చేతులు మారి, 1800లో దత్తమండలములతోపాటు కంపెనీవారి వశమయ్యెను. ఏలినవారు పోయిరి, వారు నడచిన వాకిళ్లు మాత్రము నిలిచినవి.

ఇక ఆ వాకిళ్లను చూతము. పెద్దవాకిలి తలుపులు కొయ్యవి. వాటిపై ఇనుపరేకులు తాపి, ఆ రేకులపై మేకులు బయటికి పొడుచుకొని యుండునట్లు కొట్టిరి. ఇది అలంకారము కొరకు కాదు. ఆ కాలమున శత్రువులు ఏనుగులను తోలి, వాటి కుంభస్థలములతో తలుపులను ఢీకొట్టించి పగులగొట్టెడివారు. ఏనుగు తల మోపకుండుటకే ఆ మేకులు. మన దేశపు కోటలలో దారి తిన్నగా తలుపునకు రాక మలుపు తిరిగి వచ్చుటకును ఇదియే కారణము. ఏనుగు పరుగెత్తివచ్చుటకు చోటుండరాదు. మలుపు తిరుగు సైన్యము ఇరుప్రక్కల గోడల మీదివారికి గురియగును. పెద్దతలుపును మాటిమాటికి తీయుట కష్టము గనుక, ఒక్క మనిషి తలవంచి దూరునంతటి చిన్నతలుపును అందులోనే అమర్చుటయు కలదు. అదియే దిడ్డి. తలవంచి వచ్చువాడు కత్తి దూయలేడు గదా.

పాత తలుపులకు నేటి కీలుబందులు లేవు. రెక్క యంచున పైకిని క్రిందికిని పొడుచుకొనివచ్చిన మొనలు, గడపరాతిలోను పైరాతిలోను తొలిచిన గుంటలలో తిరిగెడివి. మీ తాతలనాటి యిండ్లలోను ఇటువంటి తలుపులు చూచియే యుందురు. అందుచేత తలుపు పోయినచోట గూడ గుంట మిగిలి సాక్ష్యమిచ్చును. రెక్కలు రెండో ఒకటో, ఎంత బరువో, లోపలికి తెరచుకొనెడివో బయటికో, ఆ గుంటయే చెప్పును. ప్రక్కగోడలలోని చదరపు రంధ్రములు అడ్డగడియ కొరకైనవి. చూపు తెలిసినవానికి ఖాళీవాకిలి యొక శాసనము.

కోటలోనికి పోయినచో మాధవరాయస్వామి ఆలయమును, దాని చెంతనే జుమ్మా మసీదును కనుపించును. గర్భగుడిలో మూర్తి లేదు, పూజ లేదు. గోపురము మాత్రము దూరమునుండియే కానవచ్చును. ఈ రెండు కట్టడముల వాకిళ్లను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో, రెండు విధములైన రాతిపని తెలియును. గుడివాకిలి మన యింటి ద్వారబంధము వంటిది. రెండు నిలువుకమ్ములు, వాటిమీద అడ్డముగా ఒక దూలము. పైబరువంతయు ఆ దూలము మోయవలెను. రాయి నొక్కుడునకు ఓర్చును గాని వంపునకు ఓర్వదు. కావున దూలము పొడవైన కొలది నడుమ పగులును. అందుచేతనే గుడివాకిళ్లు సన్నగా, ఎత్తుగా ఉండును. ఆ కమ్ములపైననే లతలు, ద్వారపాలకులు, నడినెత్తిన గజలక్ష్మి చెక్కబడుట మన శిల్పాచారము.

మసీదు వాకిలి కమాను. ఇందు దూలము లేదు. ఒకవైపు సన్నముగాను, ఒకవైపు వెడల్పుగాను చెక్కిన రాళ్లను విల్లువంపుగా పేర్చుదురు. పేర్చునంతవరకు క్రింద కొయ్య అచ్చు ఆనించి యుంచుదురు. నడినెత్తిన కడపటి రాయి ఇరికించిన పిమ్మట అచ్చు తీసివేయుదురు. అప్పుడు ప్రతిరాయియు జారబోయి, ప్రక్కరాతిని నొక్కి, తానును నిలిచి పొరుగుదానిని నిలుపును. పైబరువు ప్రక్కలకు పోయి మందమైన గోడలలో దిగును. ఒక్కరాతిని ఊడదీసినచో తక్కినవియు నిలువవు. మంచి యూరికి ఇంతకంటె మంచి ఉపమానము నాకు దొరకలేదు. ఆ కమానునే పొడుగునా సాగదీసినచో గొట్టమువంటి కప్పు ఏర్పడును. ఆ కోటలోని పెద్ద ధాన్యాగారపు కప్పు అట్టిదే.

కమాను ఒక మతమువారి సొత్తని తలంపరాదు. విజయనగర రాజధానియగు హంపీలోని పద్మమహలులోను, ఏనుగుశాలలోను కమానులే యున్నవి. హిందూప్రభువులకు పనిచేసిన తాపీవారు ఆ విద్యను నేర్చి, తమ లతాశిల్పముతో కలిపిరి. రాజులు పోరాడుచుండగా పనివారు ఒకరినుండి యొకరు నేర్చుకొనుచునే యుండిరి. ఈ సత్యము యుద్ధముల కథలు చదువుటవలన తెలియదు. వాకిళ్లను చూచుటవలన తెలియును.

ఇప్పుడు ఛాయాచిత్రముల మాట. ఆ యంత్రము లేని కాలమున, 19వ శతాబ్ది ఆరంభమున, కర్నల్ మెకంజీ మన కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరుల సాయముతో ఊరూర కైఫీయతులు వ్రాయించి, చిత్రకారులచేత బొమ్మలు గీయించెను. చేతిబొమ్మలో గీసినవాని కన్ను కొంత కల్పించును. 1839లో ఛాయాగ్రహణవిద్య లోకమునకు వెల్లడియైన పిమ్మట ఆ కొరత తీరెను. 1856లో గ్రీన్‌లా యను మద్రాసు సైన్యాధికారి, మైనము పట్టించిన కాగితములపై హంపీ శిథిలముల చిత్రములు తీసెను. 127 సంవత్సరముల తరువాత, 1983లో, గొలింగ్స్ అను ఆస్ట్రేలియా ఛాయాచిత్రకారుడు అవే చోటులలో నిలిచి మరల తీసెను. రెండింటిని పోల్చిచూచినప్పుడు ఆశ్చర్యము కలిగినది. విఠలాలయపు రాతిరథమును మీరెఱుగుదురు. ఇప్పటి 50 రూపాయల నోటు వెనుక ఉన్నది అదియే. 1856నాటి చిత్రములో ఆ రథముమీద ఇటుకల శిఖర మొకటి కలదు. నేడది లేదు. ఆ పాత చిత్రము లేనిచో, ఆ శిఖరపు రూపును మన కండ్లకు ఇట్లు చూపగలది మరేది?

కనుక ఆ వృద్ధుని ప్రశ్నకు మొదటి జవాబు ఇది. వాకిళ్లు పోవును. అనేక విధముల పోవును. గుప్తనిధుల పిచ్చిపట్టినవారు రాత్రులు వచ్చి గడపరాళ్ల క్రింద త్రవ్వుదురు. అక్కడ వారికి ధనము దొరకదు. గడప మాత్రము కదలిపోవును. వచ్చినవారు తమ పేళ్లను రాళ్లపై చెక్కుదురు. భక్తితోనే కొందరు పాతద్వారములకు సున్నము, రంగులు పూయగా, లతలును అక్షరములును పూడిపోవును. ప్రతి పాతయూరిలోను చెక్కుడుపని గల టేకు ద్వారబంధములను విప్పించి కొనుక్కొని పోవు వర్తకులు కలరు. కొన్నియెడల ఊరికి ఊరే పోవును. గండికోట జలాశయమున 2020లో నీరు నింపినప్పుడు తాళ్లప్రొద్దుటూరు మునిగిపోయినది. పొలములకు నీరు కావలసినదే. కాని ఆ వీధులలోని వాకిళ్లను ఇకమీదట ఎవ్వరును తట్టబోరు. ఊరు విడుచువారు తలుపులు విప్పి బండ్లకెత్తుకొని పోవుట మన దేశమున ఎప్పటినుండియో ఉన్న వాడుక. అట్లు తీసికొనిపోయిన తలుపునకు ఊరు లేదు. దాని పాతచోటునకు, వీధికి, అరుగునకు సాక్ష్యముగా ఒక్క చిత్రమున్నను అది మనుమలకు ఆస్తియగును.

ఈ పనికి పెద్ద యంత్రము అక్కరలేదు. మీ యింటి కుఱ్ఱవాని సెల్‌ఫోను చాలును. అయితే పద్ధతి తెలియవలెను. చెక్కుడుపనిని మిట్టమధ్యాహ్నమున తీయరాదు. ఉదయముగాని సాయంకాలముగాని ఎండ ఏటవాలుగా పడునప్పుడు చెక్కినగీత ప్రతిదియు నీడతో తేలి కనుపించును. తూర్పువాకిలికి ఉదయము, పడమటివాకిలికి సాయంకాలము తగిన వేళలు. యంత్రమును పైకెత్తి వంచి పట్టినచో నిలువుకమ్ములు వెనుకకు వాలినట్లు పడును. కావున కొంతదూరము వెనుకకు పోయి, తిన్నగా నిలిపి తీయవలెను. ప్రక్కన ఒక అడుగుబద్దయో, మూరెడు కఱ్ఱయో ఉంచినచో చూచువారికి కొలత తెలియును. ఒక చిత్రము వాకిలి మొత్తమునకు, ఒకటి గడపకు, ఒకటి పైరాతికి, ఒకటి లోపలినుండి బయటికి తీయవలెను. లోపలినుండి చూచినప్పుడే గడియరంధ్రములు, గుంటలు కనబడును. కిటికీని గూడ విడువరాదు. గవాక్షమనగా ఆవు కన్ను. ఇంటికి కన్నువంటి కిటికీలో పనివాని నేర్పు ఎక్కువగా దాగియుండును. తరువాత ఊరు, వీధి, తేది వ్రాసియుంచవలెను. పేరులేని చిత్రము తలలేని బొమ్మ.

గండికోట కేంద్రప్రభుత్వపు పురావస్తుశాఖవారి రక్షణలో నున్నది. 2018 నుండి, కొలదిచోటులు తప్ప, ఆ శాఖవారి కట్టడములలో మామూలుగా ఛాయాచిత్రములు తీసికొనుటకు అభ్యంతరము లేదు. కాని చెక్కుట, త్రవ్వుట నేరములు. 1958నాటి చట్టమును 2010లో సవరించినప్పుడు, రక్షిత కట్టడములను పాడుచేసినవారికి రెండేండ్లవరకు ఖైదు, లక్షరూపాయలవరకు జుల్మానా విధింపవచ్చునని యేర్పరచిరి. ఐనను ప్రతిరాతికి ఒక కాపరిని ప్రభుత్వము పెట్టజాలదు. చట్టము కాగితముపై నుండును. కట్టడము ఊరిలో నుండును. ఊరిపెద్దలు, "ఇది మనది, దీని జోలికి పోవలదు" అని ఒక్కమాట గట్టిగా అన్నచో దాని బలము వేరు.

కావున గ్రామపెద్దలకు నా మనవి. మీ యూరిలోని పాతగుడి, దర్గా, బురుజు, చావడి, వీటిలో ఏది మిగిలియున్నను, పడగొట్టుటకు ముందు గాక ఇప్పుడే, బాగుగా నున్నప్పుడే, దాని వాకిళ్లను, కిటికీలను చిత్రములు తీయింపుడు. బడిపిల్లలకు ఆ పని యప్పగించి, ప్రక్కన కూర్చుండి, ఆ వాకిలి కథ మీరు చెప్పుడు. బొమ్మ యంత్రము తీయును. కథ మీరే చెప్పవలెను. రెండును కలిసినప్పుడే అది చరిత్ర. ఆ చిత్రముల ప్రతులొక కట్ట బడిలోను, ఒక కట్ట పంచాయతీలోను ఉంచుడు.

మరల గండికోట పోయినప్పుడు ఆ మేకలకాపరి కనబడునేమో యెఱుగను. కనబడినచో ఇట్లు చెప్పుదును: "తాతా, నీవన్నట్లు ఈ వాకిలి ఎక్కడికిని పోకూడదు. పోకుండ చూచువాడవు నీవు. ఒకవేళ పోయినను, ఇట్లుండెనని చెప్పుటకు ఈ బొమ్మ." ఆ మాట అతనికి నచ్చునని నా నమ్మకము.