తుపాకికి ఊతకర్ర

1607లో హేగ్ నగరంలో ఒక కవాతు పుస్తకం అచ్చయింది. డచ్ సైనికుడు ఆయుధాన్ని ఎలా ఎత్తాలో, ఎలా దించాలో ఒక్కో భంగిమకు ఒక్కో బొమ్మ వేసి చూపించిన పుస్తకం అది. బొమ్మలు యాకోబ్ డి గైన్ అనే చిత్రకారుడివి. మస్కెట్ పట్టిన సైనికుడి బొమ్మలను కాస్త నిదానంగా చూస్తే అతని ఎడమచేతి దగ్గర ఒక కర్ర కనిపిస్తుంది. దాని తలమీద ఇనుప పంగ, అడుగున నేలలో దిగే ములికి, మణికట్టుకు తగిలించుకునే తాడు ఉచ్చు ఉంటాయి. ఆ కాలపు బరువైన మస్కెట్ ఏడు నుంచి తొమ్మిది కిలోలు తూగేది. చేతులతో ఎత్తి పట్టుకుని కాల్చడం అయ్యే పని కాదు. గొట్టాన్ని పంగలో ఆనించి, రగులుతున్న వత్తిని మందుకు తగిలించి కాల్చాలి. మళ్లీ మందు దట్టించేటప్పుడు కర్ర మణికట్టుకే వేలాడుతూ ఉంటుంది. ఒక మనిషి, రెండు బరువులు, పక్కనే నిప్పు.

తుపాకుల చరిత్ర రాసినవాళ్లు గొట్టం గురించి, మందు గురించి, తూటా గురించి పుటలకు పుటలు రాశారు. కర్రకు దక్కింది ఒకటి రెండు వాక్యాలే. ఇది అన్యాయమనే నేనంటాను. గురిలో ఒక డిగ్రీలో అరవయ్యో వంతు తేడా వచ్చిందంటే వంద మీటర్ల దగ్గర తూటా దాదాపు 3 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. 500 మీటర్ల దగ్గర అదే తేడా 14 సెంటీమీటర్లు దాటుతుంది. ఊపిరి తీసినా, గుండె కొట్టుకున్నా అంతకన్నా ఎక్కువే కదులుతుంది గొట్టం. దూరపు గురికి మంచి తుపాకి ఎంత అవసరమో, అది కదలకుండా నిలబెట్టే ఆధారం కూడా అంతే అవసరం.

పదిహేడో శతాబ్దం గడిచేకొద్దీ మస్కెట్లు తేలికయ్యాయి, యూరప్ సైన్యాలు పంగల కర్రను వదిలేశాయి. టిబెట్ వేటగాళ్లు మాత్రం దాన్ని తుపాకికే అతికించుకున్నారు. వాళ్ల వత్తి తుపాకుల ముందుభాగాన మడత పెట్టుకునే రెండు కాళ్లుండేవి. కాళ్ల చివర్లకు కొమ్ము తొడిగేవాళ్లు. చెట్టూ చేమా లేని ఎత్తైన మైదానంలో తుపాకి ఆనించడానికి ఇంకేం దొరుకుతుంది? ఆధారాన్ని వెంట తెచ్చుకోవాల్సిందే.

కర్రకు అసలైన బలం, అసలైన అపకీర్తి కూడా వచ్చింది అమెరికా మైదానాల్లో. 1870ల మొదట్లో బైసన్ తోలును పెద్ద ఎత్తున శుద్ధి చేయడం సాధ్యమైంది. ఫ్యాక్టరీల్లో యంత్రాలు తిప్పే బెల్టులకు ఆ మందపాటి తోలు బాగా పనికొచ్చింది. 1872లో కాన్సస్‌లోని డాడ్జ్ సిటీకి రైలు చేరడంతో తోళ్ల వ్యాపారానికి దారి తెరుచుకుంది. వేటగాళ్ల చేతుల్లో షార్ప్స్ లాంటి రైఫిళ్లుండేవి. వాటిలో బరువైనవి ఐదు నుంచి ఏడు కిలోలు తూగేవి. అంత తుపాకిని భుజానికెత్తి పొద్దంతా కాల్చడం ఎవరివల్లా కాదు. అందుకని రెండు గట్టి కర్రలు తీసుకుని, పైచివరలకు కాస్త దిగువన తోలు తాడుతో బిగించేవాళ్లు. విప్పితే కత్తెర ఆకారం, మూస్తే ఒకే కర్ర. వేటగాడు నేలమీద కూర్చుని కర్రలను ముందు పాతి, సందులో గొట్టం ఆనించేవాడు.

ఆ తర్వాత జరిగేది చదువుతుంటే మనసు కలుక్కుమంటుంది. గాలికి ఎదురుగా చేరి, రెండు మూడు వందల గజాల దూరం నుంచి, మందను నడిపించే ఆడ బైసన్‌ను ఊపిరితిత్తుల్లో కొట్టేవాడు. అది పరిగెత్తదు, నెత్తురు కక్కుతూ అక్కడే నిలబడిపోతుంది. మిగతావి దాని చుట్టూ మూగి వాసన చూస్తాయి. కదలబోయిన దాన్ని మరో గుండు ఆపుతుంది. గొట్టం వేడెక్కితే చల్లబరచడం, మళ్లీ కాల్చడం. వేటగాడు కూర్చున్నచోటు నుంచి లేవకుండానే పదుల సంఖ్యలో జంతువులు కూలేవి. కర్ర ఇచ్చిన నిలకడ లేకపోతే ఆ పద్ధతి సాగేదే కాదు. వెనకే తోళ్లు ఒలిచేవాళ్లు, వాళ్ల వెనక బండి. తోలు బండెక్కేది, మాంసం చాలావరకు మైదానంలోనే కుళ్లిపోయేది.

ఆ మాంసమే తిండిగా, ఆ తోలే గుడారంగా బతికిన కొమాంచీ, కయోవా, షయాన్ జాతులకు ఇది బతుకు మీద దెబ్బ. 1867 నాటి మెడిసిన్ లాడ్జ్ ఒప్పందం తమ వేటకు వదిలిందని వాళ్లు నమ్మిన నేల మీదికే తోళ్ల వేటగాళ్లు దిగారు. 1874 జూన్ 27న కొమాంచీ నాయకుడు క్వానా పార్కర్ తదితరుల నాయకత్వంలో టెక్సస్‌లోని అడోబ్ వాల్స్ అనే తోళ్ల వ్యాపారుల మకాం మీద దాడి జరిగింది. రెండు రోజుల తర్వాత బిల్లీ డిక్సన్ అనే వేటగాడు అరువు తెచ్చుకున్న షార్ప్స్‌తో దూరాన గుట్టమీదున్న రౌతును పడగొట్టాడన్న కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. 1,538 గజాలని లెక్క. ఆ కొలతమీద వాదాలున్నాయి. డిక్సన్ మాత్రం అది అదృష్టవశాత్తూ తగిలిందనే చెప్పుకున్నాడు, ఆ నిజాయితీ నాకు నచ్చింది. పదిహేనేళ్లు తిరిగేసరికి, 1889లో, జంతుశాస్త్రవేత్త విలియం హోర్నడే లెక్కలు తీస్తే ఉత్తర అమెరికా మొత్తమ్మీద, జంతుప్రదర్శనశాలల్లో ఉన్నవాటితో కలిపి, మిగిలిన బైసన్లు 1,091.

అదే 1874లో, సెప్టెంబర్ 26న, న్యూయార్క్ పక్కన క్రీడ్‌మూర్ మైదానంలో అమెరికా, ఐర్లండ్ జట్లు దూరపు గురిలో పోటీపడ్డాయి. 800, 900, 1,000 గజాల దూరాలు. అక్కడ ఏ కర్రా ఆనించకూడదు, ఒళ్లే ఆధారం. ఐర్లండ్ ఆటగాడు మిల్నర్ ఒకసారి గురి మధ్యలోకే కొట్టాడు, కాకపోతే పక్కవాళ్ల గురిపలక మీద. అమెరికా 934–931తో గెలిచింది. చివరి గుండు కాల్చిన కల్నల్ బొడీన్ చేతికి పగిలిన సీసా గుచ్చుకుని నెత్తురు కారుతూనే ఉంది. ఈనాటి దూరపు గురి వేటలో బాగా వాడుకలో ఉన్న 6.5 క్రీడ్‌మూర్ తూటా పేరు ఆ మైదానం నుంచే వచ్చింది.

రెండు కర్రలకు ఒక లోపముంది. పక్కలకు ఒరగవు కానీ ముందుకూ వెనక్కూ ఊగుతాయి. మూడో కాలు చేరితే ఎంత ఎగుడుదిగుడు నేలమీదైనా మూడు కొనలూ ఆనతాయి. ఆఫ్రికా వేటల్లో మూడు కర్రలను పైన రబ్బరు ట్యూబు ముక్కలతో బిగించి వాడే పద్ధతి స్థిరపడింది. అక్కడ ఆ కర్రలను సాధారణంగా మోసేది జాడ తీసే స్థానికుడు. తూటా పేల్చే అతిథి వచ్చేసరికి అవి నిలబెట్టి ఉంటాయి. బైసన్ వేటగాడికి బండి, ఆఫ్రికా వేటగాడికి కూలీ.

మోసిపెట్టే ఆ సౌకర్యం లేనిచోటే ఈ మూడు కాళ్ల ఆధారం, అంటే ట్రైపాడ్, బక్కచిక్కింది. 1964 నాటి అమెరికా వైల్డర్‌నెస్ చట్టం కొన్ని ప్రాంతాలను గుర్తించి, మోటారు బళ్లను, చక్రాలమీద కదిలే వాహనాలను లోపలికి రానివ్వలేదు. గుర్రం కానీ కంచరగాడిద కానీ లేకపోతే గుడారం, తిండి, తుపాకి అన్నీ వీపుమీదే. ఇక్కడ వేటగాడికి దారి చూపింది ఫొటోగ్రాఫర్. 1994లో గిట్జో కంపెనీ కెమెరాలకు కార్బన్ ఫైబర్ ట్రైపాడ్ తెచ్చింది. అల్యూమినియం కన్నా తేలిక, వణుకు త్వరగా అణుగుతుంది, గడ్డకట్టే చలిలో పట్టుకున్నా చేతికి అంతగా కొరకదు. తర్వాత తుపాకులకు ప్రత్యేకంగా ట్రైపాడ్‌లు వచ్చాయి. కెమెరా బిగించడానికి పుట్టిన ఆర్కా-స్విస్ పట్టీ ఇప్పుడు రైఫిళ్ల అడుగునా కనిపిస్తోంది. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను ఆపింది కాబట్టి, నల్లమలలో ఆ ముక్కాలి మీద కూర్చునేది కెమెరానే.

తేలిక అన్నది ఊరికే రాదు. కాలు ఎక్కువ ముక్కలుగా మడిస్తే సంచిలో ఇముడుతుంది, కానీ అడుగున ఉండే ముక్క సన్నబడి వంగుతుంది. కెమెరా ట్రైపాడ్‌లో మధ్య నిలిచే కడ్డీని తుపాకి ట్రైపాడ్‌లో చాలామంది తీసేస్తారు, ఊగేది ముందు అదే. కొండమీదికి మోసేది ఒకటి రెండు కిలోల్లో ఉండాలంటారు. దానిమీద తుపాకి కన్నా బైనాక్యులర్ ఉండే సమయమే ఎక్కువ. గంటలకొద్దీ ఎదుటి వాలును జల్లెడ పట్టి, ఏ జంతువును వదిలేయాలో తేల్చుకోవడానికే దాని వాడకమంతా.

ఈ నిలకడ మనిషిని మరీ దూరం నుంచి కాల్చడానికి ఉసిగొల్పదా? ఉసిగొల్పుతుంది. 1887లో థియోడర్ రూజ్‌వెల్ట్ పెట్టిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ ఈ విషయంలో ఫలానా దూరమని గీత గీయలేదు. వేటగాడి ఉద్దేశమే చూడాలంది. గీత లేకపోతే అదుపు కష్టమని నా అభిప్రాయం. జంతువు తప్పించుకునే అవకాశం లేనంత దూరం నుంచి చంపడం ఆనాటి కత్తెర కర్రల పనికి చాలా దగ్గరగా ఉంది.

అలాస్కాలో మాత్రం ఇంకో రకం గీత ఉంది. అక్కడి చట్టం ప్రకారం మనిషి తినదగిన మాంసాన్ని అడవిలో వదిలేయడం నేరం. చాలాచోట్ల మాంసం తరలించేదాకా కొమ్ములు కదిలించకూడదు. పెద్ద మూస్ ఒక్కదాని మాంసమే 200 కిలోలు దాటుతుంది. కారు దారి దాకా ఎన్నిసార్లు తిరగాలో తుపాకి ఎక్కుపెట్టకముందే లెక్క వేసుకోవాలి. ట్రైపాడ్ కొనేటప్పుడు అక్కడి వేటగాళ్లు గ్రాములు చూసేది అందుకే.