కైలాసప్రదక్షిణపథము

కైలాసనామము సంస్కృతవాఙ్మయమున మిక్కిలి ప్రాచీనము. ఇతిహాసపురాణములును, కాళిదాసాది మహాకవుల కావ్యములును దానిని శివనివాసముగాఁ గీర్తించినవి. ఆంధ్రకవులును నీ సంప్రదాయమునే యనుసరించిరి. కాని నేఁడు పశ్చిమటిబెట్టునందు యాత్రికులు చుట్టివచ్చుచున్న పర్వతమార్గ మెప్పుడు, ఎవరివలన నేర్పడినదను ప్రశ్నము వేఱు. నామముయొక్క ప్రాచీనతను బట్టి మార్గముయొక్క ప్రాచీనతను నిర్ణయించుట పలువురకుఁ బరిపాటియైనది. ఈ రెంటికిని గల భేదము విచారింపఁదగినది.

మొదట మార్గస్వరూపము. ప్రదక్షిణము పర్వతమునకు దక్షిణమున నున్న దార్చెన్ గ్రామమున నారంభమై మరల నచ్చటనే ముగియును. చుట్టుకొలత సుమారు 52 కిలోమీటర్లు, అనఁగా 32 మైళ్లు. దార్చెన్ గ్రామమే సముద్రమట్టమునకు సుమారు 4,600 మీటర్ల యెత్తున నున్నది. యాత్రికులు పడమటనున్న లాచూ నదీలోయ వెంట నుత్తరముగా నడచి, చూకూ విహారమును దాఁటి, పర్వతముయొక్క యుత్తరముఖమున కెదుటనున్న దిరాఫుక్ విహారమున విడియుదురు. మఱునాఁడు డోల్మా కనుమ నెక్కవలయును. దాని యెత్తు 5,600 మీటర్లకుఁ బైమాట. అచ్చట గాలి పలుచనగుటచే నాలుగడుగులకొకమాఱు నిలువక తప్పదు. కనుమ కావల గౌరీకుండము, పిమ్మటఁ దూర్పులోయలో జుతుల్‌ఫుక్ విహారము, అటనుండి దార్చెన్. సామాన్యయాత్రికులకు మూఁడు దినములు పట్టును. టిబెట్టువారిలో దృఢకాయులు తెల్లవాఱకముందే బయలుదేఱి యొక్క దినముననే ముగింతురు. సాష్టాంగప్రణామములతో నేలను గొలుచుచుఁ బోవువారికి వారములు పట్టును.

ఈ త్రోవలోని స్థలనామములు శాసనములవలె సాక్ష్యమిచ్చుచున్నవి. దిరాఫుక్ అనఁగాఁ జమరీధేనువుయొక్క కొమ్ముగుహ. ద్రుక్పా కగ్యూ సంప్రదాయమునకుఁ జెందిన గోత్సంగ్‌పా యను సిద్ధుఁడు (1189–1258) పర్వతమును జుట్టు త్రోవను వెదకుచుండఁగా నొక చమరీధేనువు దారిచూపి, గుహలోఁ గొమ్ముగుఱుతు విడిచి యంతర్ధానమయ్యెనని యైతిహ్యము. అటుమీఁద నిరువదియొక్క తోడేళ్లు కనుమమీఁదికి నడపి, యొకదానిలో నొకటి లీనమై, శిలలోఁ గలిసినవఁట. అవి తారాదేవియొక్క యిరువదియొక్క రూపములు. డోల్మా యనునది తారకే టిబెట్టుభాషలోని పేరు. గౌరీకుండమును సైతము వారు కరుణాసరస్సను నర్థముగల పేరునఁ బిలుతురు. స్కాందాంతర్గతమని ప్రసిద్ధమైన మానసఖండము కూర్మాచలము మీఁదుగా మానససరస్సునకుఁ బోవు యాత్రను వర్ణించుచున్నది. అయినను గ్రంథమున యాత్రావర్ణన ముండుట వేఱు. విడిదులను, విహారములను నెలకొల్పి త్రోవను కాపాడుట వేఱు.

ఇచట నొక యాక్షేపము గలదు. 11వ శతాబ్దిలో జనించిన మిలారేపా యోగి యీ పర్వతమును బ్రదక్షిణించుచుండఁగా, బోన్ మతస్థుఁడగు నారో బోన్‌చుంగ్ అప్రదక్షిణముగా వచ్చి యెదురుపడెననియు, ఇద్దఱును నొకరినొకరు తమతమ దిక్కునకు లాగిరనియు మిలారేపా చరిత్రగీతములలోఁ గలదు. అట్లయినచో గోత్సంగ్‌పా త్రోవ కనుఁగొనెననుట యెట్లు పొసఁగును? సమాధానము కాలవిచారమున లభించును. ఆ గీతములకుఁ బ్రసిద్ధమైన కూర్పు 15వ శతాబ్ది చివరిభాగమునఁ ద్సాంగ్‌న్యోన్ హేరుకా చేసినది. అది 11వ శతాబ్దికిఁ బ్రత్యక్షప్రమాణము గానేరదు. కాని కూర్పునాఁటికిఁ బ్రదక్షిణమును, దానికి విరుద్ధమైన బోన్ మతస్థుల పరిభ్రమణమును రెండును రూఢములైయుండెనని మాత్రము నిశ్చయముగాఁ జెప్పవచ్చును. నేఁటికిని బోన్ మతస్థు లెడమవైపుగానే తిరుగుదురు. కుడివైపునకుఁ బర్వతము నుంచుకొని నడచుట హైందవులకును, బౌద్ధులకును సమానధర్మము.

బాహ్యసాక్ష్యములు తరువాతివి. 1715లో నీ ప్రాంతమున నడచిన యిటలీ దేశపు క్రైస్తవగురువు దెసిదేరి, టిబెట్టువారు మహాశ్రమకోర్చి కొన్ని దినములు పర్వతమును జుట్టివచ్చుదురని వ్రాసెను. జపానుదేశపు బౌద్ధభిక్షువు కవగూచి 1900లోఁ బ్రదక్షిణము చేసెను. అతని యాంగ్లగ్రంథము 1909లో మదరాసునందలి అడయారునుండి వెలువడినది. స్వీడను దేశపు యాత్రికుఁడు స్వెన్ హెడిన్ 1907లోఁ బ్రదక్షిణించెను. మెక్కే పండితుఁడు 2015లోఁ బ్రకటించిన గ్రంథమునఁ బురాణములలోని కైలాసము మొదట నియతమైన యొక పర్వతము గాదనియు, ఈ క్షేత్రముయొక్క నేఁటి ప్రఖ్యాతి యధికభాగ మాధునికమనియు వాదించెను. ఈ వాదమును సంపూర్ణముగా నంగీకరింపనివారును, నామమును మార్గమును వేఱుగాఁ బరిశీలింపవలయునను నంశమును గాదనఁజాలరు.

ఇట్టి పరిశీలనమున నాంధ్రుని పాలును గలదు. మనుచరిత్రమునఁ బ్రవరుఁడు పాదలేపమహిమచే హిమవంతమును జేరెను. 1896లోఁ దూర్పుగోదావరి మండలమున జన్మించిన స్వామి ప్రణవానందులు స్వపాదములనే నమ్ముకొనిరి. 1928లో మొదటిసారి కైలాసమునకుఁ బోయి, తరువాతఁ బలుమాఱులు ప్రదక్షిణించి, 1936–37లో మానససరస్తీరమున నొక యేఁడు వసించి, సరస్సు గడ్డకట్టుటను, కరఁగుటను గనిపెట్టిరి. వారి గ్రంథమును కలకత్తా విశ్వవిద్యాలయము 1939లోఁ బ్రకటించెను. భక్తి పరిశీలనమునకు విరోధి గాదనుటకు వారి జీవితమే నిదర్శనము.

1954లో భారతచీనా దేశముల నడుమ జరిగిన యొడంబడికలో యాత్రాస్థలము కాంగ్ రింపోచే యనియుఁ, గైలాసమనియు రెండు నామములతోను నిర్దేశింపఁబడెను. పిమ్మట రాజకీయకారణములచే నిలిచిపోయిన భారతీయుల యాత్ర 1981లో మరల సాగెను. 2020లో నాఁగి, 2025లోఁ దిరిగి యారంభమయ్యెను. ఈ నడుమ సాంస్కృతికవిప్లవకాలమున ధ్వంసమైన విహారములు తరువాతఁ గొంతకొంతగా నుద్ధరింపఁబడినవి. గోడలు కూలినను ద్రోవ చెడలేదు, విడిదుల పేరులును మఱుఁగుపడలేదు.

కావునఁ గైలాసనామగౌరవము సంస్కృతవాఙ్మయముదనియు, ప్రదక్షిణపథమును నెలకొల్పి కాపాడిన గౌరవము టిబెట్టు సిద్ధులదియు, యాత్రికులదియు ననియు నిర్ణయింపవచ్చును. పాఠశాలలలోఁ గైలాసవర్ణనమును బోధించు పండితులు కావ్యములోని పర్వతముతోపాటు, దానిని శతాబ్దులుగాఁ జుట్టివచ్చిన యీ జనులనుగూడ విద్యార్థుల కెఱిఁగించుట న్యాయము.