డ్రిల్లు పీరియడు

మన బడుల్లోకి వ్యాయామం ఆటగా కాక క్రమశిక్షణగా ప్రవేశించింది. ఆ పీరియడుకు డ్రిల్లు అని పేరు పడటమే అందుకు సాక్ష్యం. అది సిపాయిల మైదానం నుంచి వచ్చిన మాట. వరుసలో నిలబడటం, ఈల వినగానే చేతులెత్తడం నేర్పిన బడి, పిల్లలకు ప్రాణమైన చెడుగుడును, చిర్రగోనెను, తొక్కుడుబిళ్లను చాలాకాలం వీధికే వదిలేసింది. అయినా ఆ కాలాన్ని పూర్తిగా తోసిపుచ్చలేం. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి సర్కసు మల్లుడిగా దేశమంతా పేరు పొందకముందు, మద్రాసు సైదాపేటలో శిక్షణ పొంది విజయనగరంలో బడిపిల్లలకు వ్యాయామం నేర్పాడు. 1920లో హ్యారీ బక్ మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాల స్థాపించాక వ్యాయామ బోధన చదివి చేసే వృత్తిగా నిలదొక్కుకుంది. 1936లో మహారాష్ట్ర అమరావతికి చెందిన వ్యాయామ మండలి బెర్లిన్ ఒలింపిక్స్ వేళ కబడ్డీని ప్రదర్శించింది. వీధి ఆటకూ నియమాలు, గౌరవం ఉంటాయని అప్పుడు తేలింది.

వీధే చాలదా, బడి ఎందుకు అనేవారున్నారు. కానీ వీధి ఏనాడూ అందరిదీ కాదు. ఈడొచ్చిన ఆడపిల్లకు అక్కడ ఆట ఆగిపోయేది, కులం గీత దాటి జట్టు కట్టడం కష్టమయ్యేది. అందరినీ ఒక్కచోట ఆడించగలిగింది బడి మైదానమే. చదువుకు టైము చాలదన్న వాదనకు 2009 విద్యాహక్కు చట్టమే జవాబు: తరగతి గదితోపాటు ఆటస్థలాన్నీ బడికి తప్పనిసరి చేసింది. ఆ పీరియడును లెక్కల మాస్టారికి అప్పగించే బడి, పిల్లల హక్కునే కోస్తోంది.