నాన్న మడమల మీది గడ్డలు

పదో తరగతిలో మన సైన్సు మాస్టారు బోర్డు మీద బఠాణీ మొక్కలు గీసి మెండెల్ సూత్రాలు చెప్పేవారు. ఆ ప్రశ్నకు నాకు పూర్తి మార్కులొచ్చాయి. ఆ లెక్క మా ఇంట్లోనే నడుస్తోందని అప్పటికి తెలీదు.

మా నాన్న 43వ ఏట పొలం గట్టు మీదే కూలబడి పోయారు. బక్కపలచని మనిషి. చుట్ట కూడా అలవాటు లేదు. దిష్టి తగిలిందన్నారు ఊళ్లో. ఆయన మడమల వెనక నరం లావుగా, గడ్డలు కట్టి ఉండేది. చెప్పుల రాపిడి అనుకునేవాళ్లం. నలభై దాటాక నా కాళ్లకూ అవే గడ్డలు కనిపించాయి. డాక్టరు రక్తపరీక్ష రాశారు. కొలెస్టరాల్ 380. ఆ రోజు నుంచి దీని పుట్టుపూర్వోత్తరాలు చదువుతున్నాను. సావనీరుకు ఏదైనా చరిత్ర రాయమని కమిటీ మిత్రులు అడిగితే, నాకు బాగా తెలిసిన చరిత్ర ఇదొక్కటే.

ఆ గడ్డల్లో ఉండేది కొలెస్టరాలే. నార్వేలో కార్ల్ ముల్లర్ అనే వైద్యుడు 1938లో 17 కుటుంబాలను పరిశీలించి, గడ్డలూ, రక్తంలో కొవ్వూ, గుండెనొప్పీ ఈ మూడూ కలిసి తరతరాలుగా దిగుతున్నాయని రాశాడు. తల్లిదండ్రుల్లో ఒకరికుంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం.

1964లో బీరూట్‌లో ఖచదూరియన్ అనే డాక్టరు ఇంకో మెట్టు ఎక్కాడు. లెబనాన్‌లోనూ మనలాగే దగ్గరి చుట్టరికాల్లో పెళ్లిళ్లు ఎక్కువ. అక్కడి కుటుంబాల్లో రెండు రకాల రోగులు స్పష్టంగా విడివడి కనిపించారు. చెడిన జన్యువు ఒకవైపు నుంచే వచ్చినవాళ్లకు కొలెస్టరాల్ మూడు నాలుగు వందలు. అమ్మ నుంచీ నాన్న నుంచీ వస్తే ఆరు వందల నుంచి వెయ్యి దాకా. చికిత్స లేకపోతే చాలామందికి ఇరవై ఏళ్ల లోపే గుండెపోటు. ఈ భాగం చదివి పుస్తకం మూసేశాను. ఎందుకో చివర్లో చెబుతాను.

అసలు చెడింది ఏమిటో తేల్చింది అమెరికాలోని డాలస్‌లో మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్. నాకు అన్నిటికన్నా నచ్చేది వాళ్ల ప్రయోగమే. రోగుల చర్మం నుంచి కణాలు తీసి గాజు పాత్రల్లో పెంచారు. రక్తంలో కొలెస్టరాల్‌ను మోసుకెళ్లే ఎల్‌డీఎల్‌ను చుట్టూ పోస్తే, మామూలు కణాలు సొంత తయారీ ఆపేస్తాయి. బయట దొరుకుతుంటే ఇంట్లో వండటమెందుకు? రోగుల కణాలు మాత్రం తయారు చేస్తూనే పోయాయి. తయారుచేసే ఎంజైములోనే లోపమని మొదట అనుమానించారు. అప్పుడు కొలెస్టరాల్‌ను ఆల్కహాల్‌లో కరిగించి నేరుగా పోశారు. ఆ రూపంలో అది తనంతట తానే లోపలికి పోతుంది. రోగుల కణాలూ తయారీ ఆపేశాయి! అంటే వంటిల్లు బాగానే ఉంది, సరుకు లోపలికి రావలసిన తలుపే లేదు. 1974లో ఆ తలుపును, అంటే ఎల్‌డీఎల్ రిసెప్టర్‌ను, కనుగొన్నారు. 1985లో నోబెల్ వచ్చింది. (నేను మొదట అనుకున్నట్టే వాళ్లూ మొదట తప్పుగానే అనుకున్నారన్నది నాకు భలే ధైర్యాన్నిచ్చింది.)

ఒంట్లో ఈ తలుపులు ఎక్కువగా ఉండేది కాలేయంలో. 1984లో పిట్స్‌బర్గ్‌లో ఒక ఆరేళ్ల పాపకు గుండెతో పాటు కాలేయం కూడా మార్చారు. వెయ్యి దాటిన కొలెస్టరాల్ మూడు వందల దగ్గరకు దిగింది.

మాత్ర మాత్రం జపాన్ నుంచి వచ్చింది. రైతు కుటుంబంలో పుట్టిన అకిరా ఎండో ఆరు వేలకు పైగా బూజులను ఓపికగా పరీక్షించి, బియ్యానికి పట్టిన ఒక నీలి బూజులో మొదటి స్టాటిన్‌ను పట్టుకున్నాడు. కాలేయం సొంత తయారీ తగ్గించుకుంటే, రక్తం నుంచి లాక్కోవడానికి ఎక్కువ తలుపులు పెట్టుకుంటుంది. 1987లో ఆ జాతి మందు మొదటిసారి అమెరికాలో అమ్మకానికి వచ్చింది. నాన్న పోయింది 1978లో. తొమ్మిదేళ్లు. వాట్సాప్ గ్రూపులో వెల్లుల్లి కషాయం పంపే మిత్రులు నన్ను క్షమించాలి, నా ఓటు బూజుకే.

తర్వాత పీసీఎస్‌కే9 అనే మరో జన్యువు బయటపడింది. అది పుట్టుకతో పనిచేయని నల్లజాతి అమెరికన్లలో గుండెజబ్బు 88 శాతం తక్కువని 2006లో హాబ్స్, కోహెన్ బృందం చూపింది. దాన్ని అడ్డుకునే ఇంజెక్షన్లు 2015లో వచ్చాయి.

ఇక పుస్తకం మూసేసిన సంగతి. అప్పటికి మా అక్క తన కొడుక్కి నా కూతుర్ని అడుగుతోంది. మేనరికం, అందరికీ ఇష్టమే. నేను ఇద్దరికీ రక్తపరీక్ష చేయించాను. పిల్లకు 340, మేనల్లుడికి 360. మాస్టారు గీసిన బఠాణీ లెక్క ప్రకారం, పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగో వంతు అవకాశం, బీరూట్ పిల్లల్లా ఉండటానికి. కాగితం మీద గళ్లు గీసి అక్కకు చూపించాను. "నా కొడుకు నచ్చలేదని చెప్పరా, రక్తం మీద పెట్టకు" అంది. ఏడాదిన్నర నాతో మాట్లాడలేదు.

పిల్లలిద్దరికీ వేర్వేరు సంబంధాలు చేశాం. మొన్న సంక్రాంతికి అక్క వచ్చింది. రాత్రి భోజనాలయ్యాక సంచిలోంచి మందుల డబ్బా తీసి, ఒక మాత్ర కొడుకు చేతిలో పెట్టి, నా వైపు తిరిగింది.

"నీది వేసుకున్నావా?" అని అడిగింది.