మా పాలమూరు సముద్రం

ఎదురింటి పిల్లలు విశాఖ వెళ్లొచ్చి ఫోన్లో ఫొటోలు చూపించినప్పటి నుంచీ మా ఇంట్లో ఒకటే పాట. "అమ్మా, మనమెప్పుడు సముద్రం చూస్తాం?" వనపర్తి నుంచి బంగాళాఖాతం అంటే మాటలా? పైగా సంక్రాంతి సెలవులు, రైల్లో చోటు దొరకదు. "మన కృష్ణమ్మ కూడా హంసలదీవి దగ్గర ఆ సముద్రంలోనే కలుస్తుంది. దారిలోనే పట్టుకుని చూసేద్దాం పదండి" అన్నారు మా వారు. రెండు రోజుల ప్రయాణం అనుకున్నాం. అత్తమ్మను కూడా రమ్మన్నాం. "ఏడికి?" అని అడిగింది. సోమశిల దాకా అని చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికెళ్లి చీరలు సర్దుకుంది.

మొదటి రోజు ఆత్మకూరు మీదుగా జూరాలకు వెళ్లాం. 1981లో శంకుస్థాపన జరిగి, 1995లో ప్రారంభమైన ప్రాజెక్టు ఇది. కర్ణాటక దాటి వచ్చిన కృష్ణకు మన దగ్గర పడ్డ మొదటి పెద్ద ఆనకట్ట. వానాకాలంలో గేట్లు ఎత్తినప్పుడు నిలబడటానికి చోటుండదు. జనవరి కాబట్టి నీళ్లు నిమ్మళంగా ఉన్నాయి. కట్ట దగ్గర వేడివేడి చేపల వేపుడు తిని పిల్లలు సముద్రం సంగతి సగం మర్చిపోయారు.

కట్ట దాటితే నడిగడ్డ. కృష్ణకూ తుంగభద్రకూ మధ్య ఉన్న నేల కాబట్టి ఆ పేరు. గద్వాల కోట చూశాం. జనం సోమనాద్రి అని పిలుచుకునే పెద సోమభూపాలుడు కట్టించిన కోట. లోపల చెన్నకేశవస్వామి గుడి ఉంది, డిగ్రీ కాలేజీ కూడా ఆ కోటలోనే నడుస్తోంది. బి.ఏ.లో తిరుపతి వేంకట కవుల గురించి చదివినప్పుడు గద్వాల, ఆత్మకూరు, వనపర్తి సంస్థానాల పేర్లు వచ్చేవి. మన ఊళ్లే కదా అని అప్పుడు అంత గర్వపడ్డదాన్ని, ఆ కోటను పిల్లలకు చూపించడానికి ఇన్నేళ్లు పట్టింది.

మధ్యాహ్నానికి అలంపురం చేరాం. తుంగభద్ర ఒడ్డున బాదామి చాళుక్యులు ఏడో శతాబ్దంలో మొదలుపెట్టి కట్టించిన నవబ్రహ్మ ఆలయాలు. పేరుకు బ్రహ్మలు, లోపల ఉన్నది శివుడు. జోగులాంబ అమ్మవారి పాత గుడి బహమనీల కాలంలో దెబ్బతింటే, ఇప్పుడున్న గుడిని 2005లో కట్టారు. ఇవన్నీ చాలామందికి తెలిసినవే. నేను చెప్పాలనుకున్నది ఊరికి కాస్త ఎడంగా ఉన్న సంగమేశ్వర ఆలయం గురించి.

ఆ గుడి మొదట అలంపురంలో లేదు. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లిలో ఉండేది. 1960లో మొదలైన శ్రీశైలం ప్రాజెక్టు పూర్తయ్యాక నీళ్లు అక్కడిదాకా నిలుస్తాయని, పురావస్తు శాఖ వాళ్లు గుడిని రాయి రాయిగా విప్పి, ప్రతి రాయికీ నంబరు వేసి, ఇక్కడికి తెచ్చి మళ్లీ అదే వరసలో పేర్చారు. పాపనాశి గుడులనూ అలాగే కదిలించారు. పన్నెండు వందల ఏళ్లకు పైబడిన గుడి ఇల్లు మారినట్టు మారిందంటే పిల్లలకు భలే ఆశ్చర్యం. మా అబ్బాయి గోడ చుట్టూ తిరిగి నంబర్లు వెతికాడు. అత్తమ్మ మెట్ల మీద కూర్చుని ఆ గోడలనే చూస్తూ ఉండిపోయింది.

తిరుగుదారిలో ఎర్రవల్లి దాటి బీచుపల్లిలో ఆంజనేయస్వామికి దండం పెట్టుకుని, ఘాటు మెట్ల మీద కాళ్లు తడుపుకుని ఇల్లు చేరాం. 2016 పుష్కరాల్లో ఈ మెట్ల మీదే జనంలో నా చెయ్యి వదలకుండా పట్టుకుని మునిగింది అత్తమ్మ.

రెండో రోజు పెబ్బేరు మీదుగా కొల్లాపూర్ దారి పట్టాం. దారిలో జటప్రోలు. సురభి వారి సంస్థానానికి పేరిచ్చిన ఊరు. 'చంద్రికా పరిణయం' రాసిన సురభి మాధవరాయలు ఇక్కడి ప్రభువే. మదనగోపాలస్వామి గుడి స్తంభాల మీది శిల్పాలు చూస్తుంటే పొద్దే తెలియలేదు. ఇది కూడా నీళ్లకు భయపడి ఒడ్డుకు వచ్చిన గుడే. కొల్లాపూర్‌లో చూసిన మాధవస్వామి గుడి కూడా అంతే. మంచాలకట్ట దగ్గర ఏటి ఒడ్డున ఉండేదాన్ని తరలించి తెచ్చారు. గోడల మీద విష్ణువు ఇరవై నాలుగు రూపాలు ఒక్కటీ చెదరకుండా ఉన్నాయి.

సోమశిలలో బండి దిగగానే పిల్లలు కేక పెట్టారు. ఎటు చూసినా నీళ్లే. అటు నల్లమల గుట్టలు, మధ్యలో దీవుల్లా తేలిన కొండలు, ఒడ్డున మరపడవలు. "అమ్మా, ఇది సముద్రమే!" అంది మా పాప. లలితా సోమేశ్వరుడి దర్శనం చేసుకున్నాం. ఆ ప్రాంగణంలో ద్వాదశ జ్యోతిర్లింగాల పేర్లతో చిన్న గుడులున్నాయి. ఇవీ తరలివచ్చినవే.

పడవ మాట్లాడుకుని, లైఫ్ జాకెట్లు కట్టుకుని నీళ్ల మీదికి వెళ్లాం. పడవ అబ్బాయి అవతలి వైపు చూపించి, "సంగమేశ్వరం గుడి ఆడ నీళ్లల్ల ఉంది, ఎండకాలం తేలుతది" అన్నాడు. వేపమొద్దు శివలింగం ఉన్న గుడి అది. నీటిమట్టం తగ్గిన నాలుగు నెలలే దర్శనం. మిగతా కాలం కృష్ణమ్మ కడుపులో ఉంటుంది. పాప వంగి నీళ్లలోకి చూసింది, ఏమైనా కనిపిస్తుందేమోనని.

అప్పుడు అత్తమ్మ నోరు విప్పింది. "మా ఊరు గూడ గిట్లనే ఉంది బిడ్డా. గా రెండు గుట్టల నడుమ."

పెళ్లయి ఇరవై రెండేళ్లయింది నాకు. అత్తమ్మ పుట్టినూరు మునిగిందని తెలుసు కానీ, అంతకు మించి నేనెప్పుడూ అడగలేదు, ఆమె చెప్పలేదు. 1981 ఎండాకాలంలో ఊళ్లు ఖాళీ చేయించారట. శ్రీశైలం కింద మునిగినవి వందకు పైనే. అప్పటికి మా వారికి అయిదేళ్లు. అత్తమ్మ పుట్టింటికి వెళ్లేసరికి మామయ్యలు పైకప్పు దూలాలు దింపి బండ్లకెత్తుతున్నారట. తలుపులు, కిటికీలు, ఆఖరికి కడప కూడా ఊడదీసి తెచ్చుకున్నారు. అప్పటి భూసేకరణ చట్టం ఇంగ్లీషు వాళ్ల కాలంలో, 1894లో వచ్చింది. భూమికి ఇంత అని చేతిలో డబ్బు పెట్టడమే అందులో ఉంది, మళ్లీ ఊరు కట్టివ్వాలని లేదు. ఇంటికో ఉద్యోగమన్న జీవో 98 వచ్చింది 1986లో. ఆ ఉద్యోగాల కోసం ఎదురుచూస్తూ ముసలివాళ్లయిన వాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు.

"గుడికి నంబర్లేసి తెచ్చిండ్రు. మంచి పనే చేసిండ్రు, దేవుడు బయట పడ్డడు," అంది అత్తమ్మ. "మా ఇండ్లకు ఎవరేసిండ్రు నంబర్లు?"

మా వారు తల తిప్పుకున్నారు. పడవ అబ్బాయి ఇంజను కాస్త తగ్గించాడు.

ప్రాజెక్టులు వద్దని నేననను. శ్రీశైలం కరెంటుతో మా ఇంట్లో దీపం వెలిగింది. ఈ నీళ్లనే కొల్లాపూర్ దగ్గర ఎత్తి కల్వకుర్తి పథకంలో పొలాలకు పారిస్తున్నారు. వలసబతుకులకు పేరుపడ్డ పాలమూరుకు నీటి విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. కానీ శ్రీశైలం జలాశయంలో మొదట 308 టీఎంసీలు పట్టేవి, ఒండ్రు మేటవేసి ఇప్పుడు 215 చిల్లరకు తగ్గింది. అంటే నీళ్లు దిగినా ఆ ఊళ్ల మీద మట్టి మాత్రం ఏటేటా పెరుగుతూనే ఉంది. ఇక ఆ ఊళ్లు మిగిలేది గుర్తున్నవాళ్ల మాటల్లోనే. వాళ్లకు డెబ్బై దాటుతోంది.

ఇంటికొచ్చాక రాత్రి అన్నాలు తినేటప్పుడు మా పాప నోటు పుస్తకం తెచ్చి నానమ్మ పక్కన కూర్చుంది. "నానమ్మా, ఏటి దిక్కు నుంచి మొదటి ఇల్లు ఎవరిది?" అని అడిగింది. అత్తమ్మ నవ్వి, చెయ్యి కడుక్కొచ్చి చెప్పడం మొదలుపెట్టింది. చాకలోళ్ల ఇల్లు, దాని పక్కన పుట్టి నడిపే బెస్తాయన ఇల్లు, చింతచెట్టు, బొడ్రాయి, ఆంజనేయుని గద్దె, ఆ మలుపులో తమ ఇల్లు. పాప ఒక్కో ఇంటికి గడి గీసి నంబరు వేసింది. తమ ఇంటికి వచ్చిన నంబరు పద్నాలుగు. పద్నాలుగో గడిలో తలుపు ఎటు వైపు గీయాలో కూడా చెప్పించుకుంది. ఆ తలుపు ఇప్పుడు మా మేనమామగారింట్లో ఉంది, పండక్కి వెళ్లినప్పుడల్లా దాన్ని తోసుకునే లోపలికి వెళ్తాం. అది ఎక్కడిదో పిల్లలకు ఆ రాత్రే తెలిసింది.

మొన్నటికి ముప్పై ఒకటి ఇళ్లయ్యాయి. ఒకరిద్దరి పేర్లు గుర్తు రాక అత్తమ్మ తమ్ముడికి ఫోన్ చేసి అడుగుతోంది. మీరూ సోమశిల వెళితే మీ ఇంటి పెద్దవాళ్లను తీసుకెళ్లండి. నీళ్లు నిండుగా చూడాలంటే వానలు పడ్డాక, సంగమేశ్వరం చూడాలంటే ఎండాకాలంలో వెళ్లండి. ఒక నోటు పుస్తకం మాత్రం మర్చిపోకండి.