శ్రీకృష్ణదేవరాయలు కన్నుమూసింది ఏ రోజు? 1500-1530 మధ్య వెళ్లిపోయిన మహామహులు వీరే..

గరివిడి: గరివిడి స్టేషన్‌లో పాసింజర్ ఎక్కితే విజయనగరం దాటాక సింహాచలం వస్తుంది. కొండెక్కి అప్పన్నను చూసి వచ్చేస్తాం గానీ, గుడిలోని రాతిశాసనాల వైపు చూసేవాళ్లు తక్కువే. 500 ఏళ్ల కిందట ఈ నేల మీదకు ఎవరు దండెత్తి వచ్చారో ఆ రాళ్ల మీదే ఉంది. అప్పటివాళ్లు ఎప్పుడు పుట్టారో చెప్పడం కష్టం. ఎప్పుడు పోయారో చెప్పడం కూడా అంత తేలికేం కాదు. కానీ కొందరి విషయంలో తేదీతో సహా దొరికింది.

ముందుగా మన అన్నమయ్య. తాళ్లపాక అన్నమాచార్యులు కన్నుమూసింది 1503 ఫిబ్రవరి 23న. దుందుభి నామ సంవత్సరం, ఫాల్గుణ బహుళ ద్వాదశి. ఇప్పటికీ ఆ తిథినాడే ఆయన వర్ధంతి చేస్తారు. ఇక్కడ ఓ చిన్న లెక్క ఉంది. శక సంవత్సరానికి 78 కలిపితే ఇంగ్లిష్ సంవత్సరం వస్తుందని చెబుతారు కదా. దుందుభి అంటే శకం 1424. 78 కలిపితే 1502 అవుతుంది. కానీ ఫాల్గుణం అంటే ఉగాదికి ముందు నెల. అప్పటికే జనవరి వచ్చేసి ఉంటుంది. అందుకే 1503. చాలా పాత తేదీల్లో ఏడాది తేడా రావడానికి ఇదే కారణం.

అదే 1503లో విజయనగర సామ్రాజ్యాన్ని వెనకుండి నడిపించిన తుళువ నరస నాయకుడు పోయాడు. పెద్దకొడుకు వీర నరసింహరాయలు 1509లో మరణించాడు. దాంతో సింహాసనం తమ్ముడికి వచ్చింది. ఆ తమ్ముడే శ్రీకృష్ణదేవరాయలు.

అప్పటికి మన ఉత్తరాంధ్ర విజయనగర రాజులది కాదు (పేరు కలిసింది గానీ, హంపీ విజయనగరం వేరు, మన విజయనగరం వేరు). ఇక్కడ ఒడిశా గజపతుల పాలన. గజపతి ప్రతాపరుద్రుడి మీద రాయలు యుద్ధానికి దిగారు. 1515లో కొండవీడు కోట పడింది. గజపతి కొడుకు వీరభద్రుడు పట్టుబడ్డాడు. 1516కల్లా రాయలు సింహాచలం చేరుకున్నారు. రాణులు తిరుమలదేవి, చిన్నాదేవితో కలిసి స్వామికి 991 ముత్యాల హారం సమర్పించారు. ఇప్పటి పద్మనాభం మండలంలోని పొట్నూరులో జయస్తంభం నాటించారు. 1519లో మళ్లీ సింహాద్రికి వచ్చారు.

మరి వీరభద్రుడు ఏమయ్యాడు? పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాసిందాని ప్రకారం, రాజవంశం కాని వాడితో కత్తిసాము చేయమన్నారని అవమానంతో ప్రాణం తీసుకున్నాడు. కథ బాగానే ఉంది. కానీ కర్ణాటకలోని 1516 నాటి శాసనంలో అదే వీరభద్రుడు రాయల కింద ఓ సీమను ఏలుతూ, పెళ్లి పన్ను రద్దు చేసినట్టు ఉంది! న్యూనిజ్ చాలా ఏళ్ల తర్వాత విన్నది రాశాడు. శాసనం అప్పటికప్పుడు చెక్కింది. ఈ రెండింట్లో శాసనాన్నే నమ్మాలి.

చివరికి గజపతి తన కూతుర్ని రాయలకిచ్చి సంధి చేసుకున్నాడు. కృష్ణానదికి ఉత్తరాన గెలిచిన ప్రాంతమంతా రాయలు తిరిగి ఇచ్చేశారు. అంటే ఇంత యుద్ధం జరిగినా మన వైపు పాలన మళ్లీ గజపతులదే.

బయటి ప్రపంచంలో కూడా ఈ ముప్పై ఏళ్లలో పెద్దపెద్దవాళ్లు పోయారు. కొలంబస్ 1506లో, మోనాలిసా గీసిన లియోనార్డో డావిన్సీ 1519 మే 2న. ఇద్దరు పోర్చుగీసు పెద్దలైతే మన దేశంలోనే కన్నుమూశారు. ఆల్బుకర్క్ 1515 డిసెంబర్‌లో గోవా దగ్గర, వాస్కో డ గామా 1524 డిసెంబర్‌లో కొచ్చిలో.

ఇక రాయల విషయానికొద్దాం. రాజు ఫలానా రోజు పోయాడని శాసనాల్లో రాయించడం చాలా అరుదు. అందుకే పుస్తకాల్లో 1529 అని కొందరు, 1530 అని కొందరు రాస్తూ వచ్చారు. 2021లో కర్ణాటకలోని తుమకూరు దగ్గర హొన్నేనహళ్లిలో ఓ కన్నడ శాసనం బయటపడింది. శకం 1451, విరోధి నామ సంవత్సరం, ఆదివారం, చంద్రగ్రహణం. అంటే 1529 అక్టోబర్ 17. వెనక్కి లెక్కగట్టి చూస్తే ఆ రోజు నిజంగానే ఆదివారం. 2009 ఉగాదికి వచ్చిందీ విరోధే. అరవై ఏళ్ల చక్రం ఎనిమిదిసార్లు తిరిగిందన్నమాట.

మరుసటి ఏడాది, 1530 డిసెంబర్‌లో ఆగ్రాలో బాబర్ పోయాడు. రాయల చేతిలో ఓడిపోయిన ప్రతాపరుద్ర గజపతి మాత్రం 1540 ప్రాంతం దాకా బతికే ఉన్నాడు.