సొట్ట ఎవరి ఖాతాలో

నేను బెజవాడలో బీమా నష్టాలు లెక్కగట్టే లాస్ సర్వేయర్‌గా పని మొదలుపెట్టేనాటికి రోడ్డు మీద అంబాసిడర్లు, ఫియట్‌లదే రాజ్యం. వాటి బంపర్లు ఇనుపవి, పైన క్రోమ్ పూత. వెనకనుంచి ఎవరైనా తగిలిస్తే వంగేవి. ఆటోనగర్‌లో మేస్త్రీ విప్పి నాలుగు సుత్తిదెబ్బలు వేస్తే మళ్లీ దారికొచ్చేవి. అంతదానికి ఇన్సూరెన్స్ ఆఫీసు మెట్లు ఎక్కేవాళ్లు తక్కువ. గుద్దినవాడు మేస్త్రీ కూలి ఇచ్చుకునేవాడు. ఇద్దరూ మొండికేస్తే పక్కనున్న కిళ్లీకొట్టాయన పెద్దమనిషై, "చెరిసగం పెట్టుకోండయ్యా, ట్రాఫిక్ ఆగిపోయింది" అని తేల్చేసేవాడు.

చట్టం తెలియక జనం ఇలా చేసేవారని మా ఆఫీసర్లు కొందరు నవ్వేవారు. నాకా నవ్వు నచ్చేది కాదు. చిన్న సొట్టను చట్టం పట్టించుకున్నదెప్పుడని? 1939 మోటారు వాహనాల చట్టం థర్డ్ పార్టీ బీమాను తప్పనిసరి చేసింది. చట్టంలోని ఆ బీమా అధ్యాయం అమల్లోకి వచ్చింది 1946 జులై 1న. అది కూడా మనిషి చనిపోయినా, గాయపడినా మాత్రమే. 1956 సవరణ క్లెయిమ్స్ ట్రిబ్యునళ్లకు దారి వేసింది, ఆ ఆలోచనంతా బాధిత కుటుంబాల గురించే. అది న్యాయమే. ఎదుటివాడి ఆస్తి నష్టం తప్పనిసరి బీమాలో చేరింది 1969 సవరణతో. దానికి పెట్టిన పరిమితి 2,000 రూపాయలు. 1988 చట్టం దాన్ని 6,000 చేసింది. ప్రైవేటు కార్లకు అంతకు ఎన్నో రెట్లు పూచీ ఇచ్చినవి టారిఫ్ ప్రకారం, అంటే అన్ని కంపెనీలకూ ఒకటే అయిన ధరలు, షరతుల ప్రకారం, రాసిన పాలసీలే.

ఇంతకీ నలిగిన కారుకు డబ్బు వచ్చేదెక్కడినుంచి? యజమాని సొంత పాలసీ నుంచి, 'ఫుల్ ఇన్సూరెన్స్' ఉంటే. 1973 జనవరి 1 నుంచి సాధారణ బీమా జాతీయమైంది. నూటేడు కంపెనీలు కలిసిపోయి నాలుగయ్యాయి. మద్రాసు కేంద్రంగా ఉన్న యునైటెడ్ ఇండియాతో సహా నాలుగూ ఒకే ఇంటి అక్కచెల్లెళ్లు. పైగా కంపెనీల మధ్య 'నాక్ ఫర్ నాక్' అనే ఒప్పందం ఉండేది: రెండు కార్లకూ ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటే ఎవరి కారు బాగుకు ఆ కంపెనీయే పెట్టుకుంటుంది, తప్పెవరిదని ఒకరినొకరు అడగరు. వాళ్లకు కోర్టు ఖర్చులు కలిసొచ్చేవి. కారు యజమానికి మాత్రం ఇది చచ్చినా మింగుడుపడేది కాదు. "గుద్దింది వాడైతే నా బోనస్ ఎందుకు పోవాలండీ?" అని నిలదీసేవారు. నా దగ్గర సమాధానం ఉండేది కాదు, ఎందుకంటే ఆ మాటలో న్యాయం ఉంది. నో క్లెయిమ్ బోనస్ క్లెయిమ్ చేసినందుకు పోతుంది. తప్పు మనది కాదన్నంత మాత్రాన మిగలదు.

మారుతీ వచ్చాక తగువు తీరే మారిపోయింది. 1983 చివర్లో రోడ్డెక్కిన ఆ కారు బంపర్ ప్లాస్టిక్. అది పగులుతుందే కాని వంగదు, ఇక మేస్త్రీ సుత్తికి పనేముంది? కొత్తది వెయ్యాల్సిందే. టారిఫ్‌లో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు తరుగుదల 50 శాతం, అద్దానికి ఏమీ లేదు. రేకు భాగాలకు కారు వయసును బట్టి కోత: ఆరు నెలల లోపు సున్నా, పదేళ్లు దాటితే సగం. దీని మీద కంపల్సరీ ఎక్సెస్ వేరు, అంటే ప్రతి క్లెయిమ్‌లో యజమాని తప్పనిసరిగా పెట్టుకోవాల్సిన మొత్తం. బంపర్ బిల్లులో సగం జేబులోంచి పెట్టుకుని, పైగా బోనస్ కూడా పోగొట్టుకునే బదులు ఎదుటివాడి దగ్గర రోడ్డు మీదే వసూలు చేసుకోవడం మేలనిపించేది. లెక్క తెలిసినవాడు అలాగే చేసేవాడు.

ఒకసారి బెంజ్ సర్కిల్ దగ్గర తెల్ల మారుతీ, నీలం ఫియట్ గుద్దుకున్నాయి. ఫియటాయన వాదన, ఆగి ఉన్న తన మీదకు మారుతీ రివర్స్‌లో వచ్చిందని. మారుతీ నడిపిన కుర్రాడేమో వెనకనుంచి గుద్దారంటాడు. మారుతీ వెనక బంపర్ ముందు మోకాళ్ల మీద కూర్చుని టేపు పెట్టాను. ఫియట్ బంపర్ తగిలిన గీత, ఆగి ఉన్న ఫియట్ బంపర్ ఎత్తుకన్నా రెండు వేళ్లు కిందుంది. గట్టిగా బ్రేకు తొక్కితే కారు ముక్కు కిందికి వంగుతుంది. నిలబడున్న కారు ముక్కు ఎందుకు వంగుతుంది? చుట్టూ చేరినవాళ్లకు విషయం అర్థమైంది, ఫియటాయన కూడా గొంతు తగ్గించాడు. అయినా డబ్బు విషయంలో ఒక్క పైసా తేడా రాలేదు. ఎవరి కంపెనీ వారికే ఇచ్చింది. నా రిపోర్టులో ఆ గీత సంగతి రాశాను, చదివినవాళ్లున్నారని అనుకోను.

ఆనాటి రాజీ కాగితాలు కూడా చెప్పుకోవాలి. పోలీస్ స్టేషన్‌లో రైటర్ ముందు కూర్చుని, 'నా పొరపాటు వల్ల జరిగింది, ఖర్చు ఇచ్చుకుంటాను' అని తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టేవారు. దెబ్బలు తగలకపోతే స్టేషన్ జనరల్ డైరీలో ఒక వాక్యంతో సరి. పాలసీ వెనక చిన్న అక్షరాల్లో మాత్రం, కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోకూడదు, డబ్బిస్తానని మాటివ్వకూడదు అని ఉంటుంది. సంతకం పెట్టిన మర్నాడు క్లెయిమ్ ఫారం తెచ్చేవారు. కొందరు ఆఫీసర్లు ఈ కాగితం పట్టుకుని మొత్తం క్లెయిమే కొట్టేయాలని చూసేవారు. సొంత కారు నష్టానికీ, ఎదుటివాడికిచ్చిన మాటకూ సంబంధం లేదని నేను వాదించేవాణ్ణి.

2007 జనవరి 1 నుంచి ధరల టారిఫ్ పోయింది. తర్వాత జీరో డెప్ వచ్చింది, జనం దాన్ని బంపర్ టు బంపర్ అన్నారు. కోత లేదన్నాక రోడ్డు మీద అరుపులు తగ్గి, గొడవ షోరూముకు మారింది. అడ్వైజర్ ఎస్టిమేట్‌లో ముందు బంపర్‌తో పాటు వెనక తలుపు గీతలు కూడా చేరేవి. ఆ తలుపు మీద గోటితో గీరితే గాడిలోంచి పాత దుమ్ము రాలేది, కింద తుప్పు కనపడేది.

"ఇది ఈ యాక్సిడెంట్‌ది కాదు బాబూ."

"ఒకే క్లెయిమ్‌లో వేసేద్దాం సార్, కస్టమర్ అడుగుతున్నారు."

వేరే రోజు పడిన సొట్టకు వేరే క్లెయిమ్, వేరే తేదీ, మళ్లీ ఎక్సెస్. ఆ మాట చెప్పగానే చాలామంది తలుపు గీతలను ఎస్టిమేట్‌లోంచి తీయించేసేవారు.